జాకెట్టు ఎప్పటికి ఇస్తారని అడిగితే తేదీ ఎలా చెప్పాలి

తెనాలిలో మా ఇంటి ముందు గదిలో 18 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఇంట్లో మిషన్ పెట్టుకుని కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయిలు నన్ను కటింగ్ గురించి అడుగుతారు, మెడ డిజైన్ల గురించి అడుగుతారు. తేదీ ఎలా చెప్పాలని మాత్రం ఎవరూ అడగరు. నా దగ్గర జరిగిన గొడవల్లో ఎక్కువ భాగం కుట్టు బాగాలేక వచ్చినవి కావు, అన్న రోజుకు ఇవ్వలేక వచ్చినవి.

ఒకసారి ఒక పెళ్లికూతురి జాకెట్టు గురువారం సాయంత్రానికి ఇస్తానన్నాను. మగ్గం వర్క్‌కి ఇచ్చిన గుడ్డ నా చేతికి రావడమే బుధవారం రాత్రి అయింది. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు నేనింకా హుక్కులు కుడుతున్నాను. ఆ పిల్ల తల్లి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని ఉంది, ఒడిలో ఖాళీ కవరు. తెల్లవారితే ముహూర్తం. ఇంటినిండా చుట్టాలను వదిలేసి వచ్చి కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మర్నాడే నేను పుస్తకం పెట్టాను.

మీరూ ముందు అదే చేయండి. కొలతల పుస్తకం కాదు, విడిగా ఒక నోటుబుక్కు. గుడ్డ తీసుకున్న రోజు, ఇస్తానన్న రోజు, నిజంగా ఇచ్చిన రోజు, ఆలస్యమైతే ఎందుకు: ఈ నాలుగే రాయండి. 20 జాకెట్లు రాసేసరికి మీ చెయ్యి ఎంత వేగమో మీకే తెలుస్తుంది.

లైనింగ్ జాకెట్టుకు రెండున్నర గంటలు చాలు, రోజుకు నాలుగు కుట్టేయొచ్చని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. పుస్తకం చూస్తే రోజుకు రెండే అవుతున్నాయి, బాగా కుదిరిన రోజున మూడు. ఆ రెండున్నర గంటలూ మిషన్ మీద కూర్చున్న టైమ్ మాత్రమే. లైనింగ్ తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ కుదించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. వానాకాలంలో అది ఆరడానికే ఒక పూట పోతుంది. తర్వాత ఇస్త్రీ, కటింగ్, ఓవర్‌లాక్, హెమ్మింగ్, హుక్కులు, కాజాలు. మధ్యలో రంగు కలిసే దారం కోసం బజారుకు ఒకసారి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో మాట్లాడే టైమ్, కరెంటు పోయే టైమ్ కూడా మన రోజులోవే.

అందుకే తేదీ చెప్పేముందు పనిని ముక్కలుగా విడగొట్టి, మన చేతిలో ఉన్నదేదో, వేరేవాళ్ల చేతిలో ఉన్నదేదో చూసుకోండి. మన చేతిలోవి గంటల్లో లెక్కేయండి. మగ్గం వర్క్, డైయింగ్ లాంటివి రోజుల్లో లెక్కేయాలి. అవతలివాళ్లు చెప్పిన రోజును నమ్మకండి, ఇంతకుముందు వాళ్లు నిజంగా ఎన్నాళ్లకు ఇచ్చారో మీ పుస్తకంలో చూడండి.

"ఎంత ఆలస్యమైనా ఇంతకు మించదు" అని మనసులో వేసుకునే లెక్క కూడా సరిపోదు. ఈ సంగతి ఎంబీఏ చదివే మా అమ్మాయి చెప్పింది. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లు పడుతుందని అడిగారట. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. అన్నీ అడ్డం తిరుగుతాయనుకుని చెప్పిన లెక్క కూడా చాల్లేదు! విన్నప్పుడు నాకు ఆ ప్లాస్టిక్ స్టూలే గుర్తొచ్చింది.

ఇక అదనపు టైమ్ ఎక్కడ పెట్టాలన్నది. ఒక్కో జాకెట్టుకు ఒక్కో రోజు కలిపి చూశాను, పనికిరాలేదు. ఇంకా రోజుంది కదా అని అది పక్కకు పోతుంది, చివరికి మళ్లీ అదే పరుగు. ఇప్పుడు వారంలో శనివారం ఖాళీగా ఉంచుతాను. ఆ రోజుకు ఎవరికీ తేదీ ఇవ్వను. వారంలో వెనకబడినవన్నీ ఆ రోజు పూర్తవుతాయి. ఏమీ మిగలకపోతే మిషన్‌కు నూనె వేసుకుంటాను, మర్నాటి లైనింగులు తడుపుతాను. ఆ ఖాళీ చూసి అర్జెంటు పని ఒప్పుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను.

శ్రావణం వేరు. ఆషాఢమంతా ఖాళీగా ఉండి, ఒక్కసారిగా పెళ్లిళ్లు, వ్రతాలు వచ్చిపడతాయి. మూఢం వెళ్లాక వచ్చే ముహూర్తాలకూ అంతే. ఆ రోజుల్లో నేను రోజుకు రెండు కూడా లెక్కేసుకోను, ఒకటిన్నరే. వచ్చేపోయేవాళ్లు ఎక్కువ కాబట్టి అదే జాకెట్టు ఎక్కువ సేపు పడుతుంది. వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం గనక, దానికి పది రోజుల ముందే కొత్త గుడ్డలు తీసుకోవడం ఆపేస్తాను.

గుడ్డ తీసుకునేటప్పుడు "ఎప్పుడు కావాలి?" అని అడగకండి, అందరూ రేపే అంటారు. "ఫంక్షన్ ఎప్పుడండీ?" అనండి. పెళ్లి జాకెట్టయితే ట్రయల్‌కు ఒక తేదీ, చేతికి ఇవ్వడానికి ఇంకో తేదీ చెప్పండి. రెండింటికీ మధ్య మూడు రోజులైనా ఉండాలి, చేతులు బిగుతైతే విప్పి కుట్టాలి కదా.

అయినా ఒక్కోసారి ఆలస్యం అవుతుంది. అవుతుందని తెలిసిన పూటే ఫోన్ చేయండి, వాళ్లు గుమ్మంలోకి వచ్చేదాకా ఆగకండి. వాళ్లు కోప్పడితే ఆ టెన్షన్‌లో "రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను" అని నోరు జారుతుంది. నేనైతే ఫోన్ చేసేముందే పుస్తకం తెరిచి, చేతిలో ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, కొత్త తేదీ కాగితం మీద రాసుకుంటాను. అవతలివాళ్లు ఎంత బతిమాలినా ఆ కాగితం మీద ఉన్న తేదీనే చదువుతాను.