పెంపుడు పందికి బాగోలేదంటే ముందు నీళ్ల తొట్టి చూడండి

మినీ పంది, టీకప్ పంది అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం పాట్‌బెల్లీ రకమో, దాని సంకరమో అయి ఉంటాయి. పూర్తిగా ఎదగడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, 40 కిలోలు దాటడం మామూలే. మూడు నాలుగు నెలలకే ఎదకొస్తాయి కాబట్టి, "దీని తల్లి కూడా ఇంతే ఉంది చూడండి" అని అమ్మేవాడు చూపించే తల్లి కూడా ఇంకా పిల్లే కావచ్చు. అలా కొని, పెరిగాక ఎవరో వదిలేసిన పంది మీ ఇంటికి చేరిందనుకోండి. విజయవాడ, గుంటూరు ఎండల్లో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

నోరు తెరిచి రొప్పుతోంది, లేవడం లేదు

ఇది వడదెబ్బ. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడటం దాదాపు ఉండదు. రోహిణి కార్తెలో డాబా మీద రేకుల షెడ్డులో ఉంచితే అది షెడ్డు కాదు, పెనం. వెంటనే నీడకు తెచ్చి చెవులు, పొట్ట, కాళ్ల మీద మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి. పైట్యాంకు నీళ్లు వద్దు, మే నెలలో అవి కాగుతుంటాయి. ఐసు నీళ్లు అసలే వద్దు. చర్మంలో రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి బయటికి రాదు. తూలుతుంటే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే బురద గుంట కావాలి. నీళ్లకన్నా బురద మెల్లగా ఆరుతుంది కాబట్టి చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. ఇల్లు పాడవుతుందని టెన్షన్ పడేవాళ్లు పంది పెంచకపోవడమే మంచిది.

తల గోడకు ఆనించి నిలబడుతోంది, కుక్కలా కూర్చుని ఫిట్స్ వస్తున్నాయి

పిచ్చి పట్టిందని భయపడతారు. చాలాసార్లు ఇది ఒంట్లో ఉప్పు ఎక్కువై, నీళ్లు తక్కువైన ఫలితం. ఆవకాయ పెట్టే రోజుల్లో మరీ జాగ్రత్త. జాడీ కడిగిన నీళ్లు, మాగాయ ఊట, మిగిలిన అప్పడాలు అన్నీ కుడితిలోకే పోతాయి. అసలు ఉప్పే పెట్టకపోయినా, ఒకటి రెండు రోజులు నీళ్లు అందకపోతే ఇదే జరుగుతుంది.

నీళ్లు ఎందుకు అందవంటారా? పొద్దున మీరు తొట్టి నింపి ఆఫీసుకు వెళ్తారు. మీరు వీధి చివరికి చేరేలోపే అది ముట్టెతో తొట్టి అంచు ఎత్తి, బోర్లేసి, ఆ తడిలో హాయిగా పడుకుంటుంది. సాయంత్రం దాకా తాగడానికి చుక్క ఉండదు. ప్లాస్టిక్ టబ్బు తీసేసి బరువైన సిమెంటు తొట్టి పెట్టండి, లేదా ఉన్న టబ్బునే కదలకుండా మూలకు కట్టేయండి.

ఫిట్స్ వచ్చాక జాలిపడి బకెట్ నిండా నీళ్లు పెట్టేయకండి. ఒక్కసారిగా తాగితే మెదడు వాస్తుంది. కాసేపటికోసారి కొద్దికొద్దిగా ఇస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గన్నవరం వెటర్నరీ కాలేజీ విజయవాడకు దగ్గరే.

వెంట్రుకలు రాలుతున్నాయి

వేసవిలో పాట్‌బెల్లీకి వెంట్రుకలు గుత్తులుగా ఊడి మళ్లీ వస్తాయి. దురద లేకపోతే వదిలేయండి. చెవుల లోపల పెచ్చులు కట్టి, గోడకు ఒళ్లు రుద్దుతుంటే మాత్రం గజ్జి. ఐవర్‌మెక్టిన్‌తో తగ్గుతుంది. గజ్జి పురుగుల గుడ్ల మీద ఆ మందు పనిచేయదు కాబట్టి రెండు వారాలకు మళ్లీ వేయిస్తారు. డోసు బరువును బట్టి ఉంటుంది. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను (మీటర్లలో) అదే అంకెతో గుణించి, దాన్ని చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవుతో (ఇదీ మీటర్లలోనే), ఆపైన 69.3తో గుణిస్తే సుమారు కిలోలు వస్తాయి.

పిలిస్తే రాదు, వస్తువులకు గుద్దుకుంటోంది

కళ్ల జబ్బు అనుకునే ముందు ముఖం చూడండి. కొవ్వు మడతలు కళ్ల మీద పడితే చూపు మూసుకుపోతుంది. నూకలు, తవుడు, చిరుతిళ్లు తగ్గించి గుమ్మడి, దోస, ఆకుకూరలు పెంచండి. నెలలు పడుతుంది.

వచ్చినవాళ్ల మీదికి దూకుతోంది

మందలో పెద్దరికం కోసం పందులు ఇలాగే చేస్తాయి. చేత్తో తినిపించడం ఆపండి, గిన్నెలో పెట్టండి. మగదైతే విత్తు కొట్టించాలి. ఆడదైతే 21 రోజులకోసారి ఎదకొచ్చి చిరాకు పడుతుంది, ఆపరేషన్ చేయించడం మేలు.

జ్వరం, మేత మానేసింది, చెవులు ఊదారంగుకు తిరిగాయి

ఇక్కడ మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లకండి, డాక్టరునే ఇంటికి పిలిపించండి. 2020లో మన దేశంలో మొదట అస్సాం, అరుణాచల్‌లో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కావచ్చు. మనుషులకు రాదు, కానీ పందికి మందు లేదు. సోకిన మాంసం ముక్కల ద్వారా కూడా అంటుకుంటుంది కాబట్టి హోటల్ మిగులు కూడు ఎంత ఉచితంగా వచ్చినా పెట్టొద్దు. డాక్టరు వచ్చేదాకా పందిని విడిగా ఉంచి, మీ చెప్పులు కూడా ఆ గది దగ్గరే వదిలేయండి.