పాత ల్యాండ్ క్రూయిజరు ఆటోమేటిక్ గేర్‌బాక్సు – నాలుగో పాఠం: మెరిసే దీపాన్ని లెక్కపెట్టడం

మూడో పాఠంలో గేర్‌బాక్సు ఆయిలును వేడిమీద కొలవడం నేర్చుకున్నాం. ఆ పని చేయకుండా నేరుగా ఈ పాఠానికి వచ్చినవారు దయచేసి వెనక్కి వెళ్లి ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిలు తక్కువగా ఉన్న బండిలో దీపాల గురించి ఎంత ఆలోచించినా కాలం వృథా అవుతుంది. ఈ పాఠానికి ఉదాహరణగా 80 సిరీస్ టొయోటా ల్యాండ్ క్రూయిజరును తీసుకుంటున్నాను. 1990లో వచ్చిన ఈ బండ్లు నేటికీ గల్ఫ్ దేశాల ఎడారుల్లో విరివిగా తిరుగుతున్నాయి. అక్కడ డ్రైవర్లుగా, మెకానిక్కులుగా ఉన్న మనవాళ్లలో చాలామందికి వీటి స్వభావం బాగా తెలుసు.

మొదట మీ బండిలో ఉన్న గేర్‌బాక్సు ఏదో తెలుసుకోవాలి. తొలి బండ్లలో వచ్చిన ఏ440ఎఫ్ పూర్తిగా ఆయిలు ఒత్తిడితోనే గేర్లు మార్చుకుంటుంది, కనుక దాని దగ్గర చెప్పడానికి కోడ్లేమీ, అంటే లోపం ఎక్కడుందో దీపం మెరుపులతో చెప్పే అంకెలేమీ, ఉండవు. తర్వాత వచ్చిన ఏ442ఎఫ్‌లో గేర్లు ఎప్పుడు మారాలో కంప్యూటరు నిర్ణయించి, సోలినాయిడ్లనే చిన్న విద్యుత్ కవాటాల ద్వారా ఆయిలును దారి మళ్లిస్తుంది. ఈ పాఠం ఆ రెండో రకం గురించి. పదహారు పిన్నుల స్కానర్ సాకెట్ ఉన్న చివరి మోడళ్లకు స్కానరే వాడండి.

డాష్‌బోర్డు మీద మనకు పనికివచ్చే దీపాలు రెండు. ఒకటి ‘ఓ/డీ ఆఫ్’, రెండోది ‘ఏ/టీ ఆయిల్ టెంప్’. ఈ రెండింటి స్వభావాలు వేరు.

‘ఓ/డీ ఆఫ్’ దీపం నిలకడగా వెలుగుతూ ఉంటే అది జబ్బు కాదు. గేరు లీవరు పక్కనున్న బటను నొక్కి మీరో, మీ పిల్లలో ఓవర్‌డ్రైవును, అంటే నాలుగో గేరును, ఆపేశారని మాత్రమే దాని అర్థం. బటను మళ్లీ నొక్కితే ఆరిపోవాలి. ఆరకపోతే లీవరులోని స్విచ్చిలో దుమ్ము చేరిందో, దాని తీగ బాడీకి తగులుతోందో చూడాలి. అంతకుమించి గేర్‌బాక్సు వైపు వెళ్లనవసరం లేదు. అదే దీపం బండి నడుస్తుండగా మెరుస్తూ ఆరుతూ ఉంటే మాత్రం కంప్యూటరు ఏదో ఒక లోపాన్ని పట్టుకుని మనల్ని పిలుస్తోందని తెలుసుకోవాలి. నిలకడగా వెలగడానికీ మెరవడానికీ మధ్య ఉన్న ఈ తేడాను గమనించక గేర్‌బాక్సు దింపించినవారిని నేను చూశాను.

ఇప్పుడు కోడు చదివే పద్ధతి చెబుతాను. బానెట్ ఎత్తితే ఇంజను గదిలో మూత మీద ‘డయాగ్నొసిస్’ అన్న మాట ఉన్న చిన్న నల్ల పెట్టె కనిపిస్తుంది. మూత తెరిస్తే దాని లోపలివైపున ఏ రంధ్రం పేరేమిటో అచ్చువేసి ఉంటుంది. అందులో టీఈ1, ఈ1 అనే రెండు రంధ్రాలను వెతకండి. తాళం ఆఫ్‌లో ఉండగానే, రెండు చివరలా పై తొడుగు ఒలిచిన చిన్న తీగ ముక్కతో ఆ రెండింటినీ కలపండి. తొందరపడి +బీ (బ్యాటరీ ప్లస్) రంధ్రంలో తీగ దూర్చి దాన్ని ఈ1కు కలిపితే బ్యాటరీ నేరుగా షార్టవుతుంది. అందుకే పగటి వెలుతురులో, కళ్లద్దాలు వాడేవారైతే అవి పెట్టుకునే ఈ పని చేయండి.

తర్వాత ఇంజను స్టార్టు చేయకుండా తాళాన్ని ఆన్‌కు తిప్పండి. ఓవర్‌డ్రైవు బటను ఆన్‌లోనే ఉండాలి. లేకపోతే దీపం నిలకడగా వెలుగుతూ కోడును దాచేస్తుంది. ఇంజను దీపం కూడా అదే సమయంలో తన కోడ్లను మెరిపిస్తుంది. దాన్ని పట్టించుకోకుండా ‘ఓ/డీ ఆఫ్’ మీదే చూపు నిలపండి.

లోపమేమీ లేకపోతే దీపం ఆగకుండా, సెకనుకు రెండుసార్లు చొప్పున చకచకా మెరుస్తుంది. లోపం ఉంటే నడక మారుతుంది. అర సెకను వెలుగు, అర సెకను చీకటి చొప్పున నిదానంగా మెరుస్తుంది. ఉదాహరణకు 62 అనే కోడు ఇలా వస్తుంది: ఆరుసార్లు మెరిసి, సెకనున్నర ఆగి, మళ్లీ రెండుసార్లు మెరుస్తుంది. కోడు ఒక్కటే అయితే నాలుగున్నర సెకన్లు ఆగి మళ్లీ మొదటినుంచి చెబుతుంది. ఒకటికన్నా ఎక్కువ ఉంటే వాటి మధ్య రెండున్నర సెకన్ల విరామం ఇస్తూ, చిన్న అంకెతో మొదలుపెట్టి వరుసగా వినిపిస్తుంది. మొదటి విడత కాగితం మీద రాయకండి, ఊరికే చూడండి. రెండో విడతలో మెరుపుకో గీత చొప్పున గీయండి. మూడో విడతలో సరిచూసుకోండి. 62ను 61గా చదివితే సోలినాయిడు బదులు స్పీడు సెన్సరు విప్పుతారు.

కోడ్ల అర్థాలు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. 42 అంటే స్పీడోమీటరు వైపున్న మొదటి స్పీడు సెన్సరు. 61 అంటే గేర్‌బాక్సు వైపున్న రెండోది. 62 మొదటి సోలినాయిడు, 63 రెండోది, 64 లాకప్ సోలినాయిడు, అంటే ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టరును జారకుండా బిగించేది. లాకప్ సోలినాయిడు చెడినప్పుడు ప్రయాణంలో దీపం మెరవకపోవచ్చు, కోడు మాత్రం జ్ఞాపకంలో ఉంటుంది. కాబట్టి దీపం మెరవలేదన్న భరోసాతో చదవడం మానకండి. అలాగే లోపం తాత్కాలికంగా సర్దుకుంటే దీపం ఆరిపోతుంది కాని కోడు మిగులుతుంది.

ఇక్కడ పాఠంలోకెల్లా ముఖ్యమైన మాట ఒకటుంది. 62, 63, 64 కోడ్లు వచ్చాయంటే సోలినాయిడు చుట్ట గాని, దానికి వెళ్లే తీగ గాని, కనెక్టరు గాని తెగిందనో, షార్టయిందనో మాత్రమే అర్థం. సోలినాయిడు లోపల చెత్త చేరి కవాటం ఇరుక్కుపోయినా, క్లచ్ పలకలు అరిగిపోయినా కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. దానికి కరెంటు భాష తప్ప మరొకటి రాదు. కోడు రాకుండా గేరు జారుతుంటే లోపం యంత్రభాగంలో ఉండే అవకాశం ఎక్కువ. కోడు వచ్చిందంటే ముందు తీగల వైపు చూడాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. వర్షం తర్వాత ఒక వాగు దాటిన నాలుగో రోజున మా బండిలో దీపం మెరవడం మొదలైంది. డీలో పెడితే బండి ఎద్దుబండిలా కదిలేది. చూపించిన వర్క్‌షాపులో గేర్‌బాక్సు మార్చాల్సిందేనన్నారు. మేము లెక్కపెడితే 62, 63 రెండూ వచ్చాయి. రెండు సోలినాయిడ్లు ఒకేసారి కాలిపోవడం అరుదు, కనుక రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటును అనుమానించాలి. గేర్‌బాక్సు పక్కన తీగలు చేరే కనెక్టరు విప్పగానే లోపలినుంచి బురద నీటి చుక్క ఒకటి జారి నా మణికట్టు మీద పడింది. పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి, ఆరబెట్టి బిగించాక దీపం మళ్లీ మెరవలేదు.

బండి అంత మందంగా ఎందుకు కదిలిందో కూడా తెలుసుకోవాలి. రెండు సోలినాయిడ్లకూ కరెంటు అందకపోతే డీలో ఎప్పుడూ నాలుగో గేరే పడుతుంది. లీవరును 2లో పెడితే మూడోది, ఎల్‌లో పెడితే మొదటిది దొరుకుతాయి. ఎడారి మధ్యలో ఇలా జరిగితే ఎల్‌లో మొదలుపెట్టి, వేగం పుంజుకున్నాక 2కు, ఆ తర్వాత డీకి చేత్తో మార్చుకుంటూ రోడ్డెక్కవచ్చు. ఇది పరీక్షగా కూడా పనికివస్తుంది: చేత్తో మార్చినప్పుడు మూడు స్థానాల్లోనూ బండి తేడా చూపిస్తూ గట్టిగా లాగితే గేర్‌బాక్సు లోపలి భాగాలు చాలావరకు బాగున్నట్టే.

కోడు దొరికాక మల్టీమీటరు తీయండి. బ్యాటరీ తీగ విప్పి, కంప్యూటరు వైపు ప్లగ్గు దగ్గర ఆ సోలినాయిడు తీగకూ బాడీకీ మధ్య నిరోధం కొలవండి. 11 నుంచి 15 ఓంల మధ్య ఉంటే తీగ, చుట్ట రెండూ బాగున్నట్టు. అనంతమని చూపిస్తే గేర్‌బాక్సు దగ్గరి కనెక్టరులో మళ్లీ కొలవండి. అక్కడ 13 ఓంలు కనిపించి ఇక్కడ అనంతమైతే మధ్యలో తీగ తెగిందన్నమాట; అక్కడా అనంతమే అయితే సోలినాయిడును గాని, గేర్‌బాక్సు లోపలి తీగను గాని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి వేడెక్కాక తెగే చుట్టలూ ఉంటాయి కనుక, ఒక గంట నడిపాక మరోసారి కొలవడం మంచిది. మరమ్మతు అయ్యాక ఈఎఫ్‌ఐ ఫ్యూజును పది సెకన్లకు పైగా తీసి ఉంచితే పాత కోడు చెరిగిపోతుంది.

ఇక ‘ఏ/టీ ఆయిల్ టెంప్’. దీనికి కోడుతో పని లేదు. టార్క్ కన్వర్టరులో ఆయిలు మరీ వేడెక్కిందని చెప్పడమే దీని పని. మెత్తటి ఇసుకలో నెమ్మదిగా, బరువుగా ఎక్కేటప్పుడు కన్వర్టరు జారుతూ వేడి పుట్టిస్తుంది. దీపం వెలగగానే చాలామంది ఇంజను ఆపేస్తారు. అది తప్పు. ఆయిలును కూలరు గుండా తిప్పే పంపును ఇంజనే నడుపుతుంది. బండిని ఆపి, లీవరును పీ లేదా ఎన్‌లో పెట్టి, దీపం ఆరేదాకా ఇంజనును ఐడిల్‌లో ఉంచండి. తిరిగి బయలుదేరేటప్పుడు ట్రాన్స్‌ఫర్ లీవరును (గేరు లీవరు పక్కనుండే రెండో లీవరు) లో రేంజికి, అంటే తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే స్థానానికి, మార్చండి. అదే ఎక్కుడుకు కన్వర్టరు మీద భారం బాగా తగ్గుతుంది. ఉదయం చల్లటి ఇంజనులోనే ఈ దీపం వెలిగితే మాత్రం వేడి కాదు, సెన్సరు తీగను చూడాలి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం: మీ బండి బాగున్నా సరే, టీఈ1, ఈ1 కలిపి ఆ చకచకా మెరుపును ఒక నిమిషం చూడండి. ఆ తర్వాత గేర్‌బాక్సు పక్క కనెక్టరు ఎక్కడుందో టార్చి వేసి కనుక్కుని, దాని రబ్బరు తొడుగు చీలి ఉందో లేదో రాసిపెట్టుకోండి. ఐదో పాఠంలో ఆ కనెక్టరు నుంచే మొదలుపెడదాం.