ఆవకాయ కలిపే ముందురోజు జాగ్రత్తలు

మే నెలలో నెల్లూరు ఎండ ఆవకాయకు వరమే. కానీ సాయంత్రమైతే సముద్రపు గాలికి తేమ వస్తుంది. అందుకే పనులు ముందురోజే మొదలుపెట్టండి.

- జాడీ కడిగి, మూతి పైకి ఉండేలా రోజంతా ఎండలో పెట్టండి. లోపల వేలికి చెమ్మ తగిలితే మర్నాడు ఆవకాయ వద్దు.

- వాసెన గుడ్డ, అంటే జాడీ మూతికి కట్టే గుడ్డ, ముందే కుట్టుకోండి. చాలామంది చివర్లో ఏదో చిరుగుల గుడ్డ వెతికి కడతారు, నాకు అది అస్సలు నచ్చదు. ఉతికి మెత్తబడిన తెల్ల నూలు పంచె ముక్క మంచిది, రంగు దిగే భయం ఉండదు. కొత్త గుడ్డైతే గంజి పోయేలా ఉతికి ఆరేశాకే కత్తిరించండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. జాడీ మూతి కంటే చుట్టూ నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంచి గుండ్రంగా కత్తిరించండి. అంచు అర అంగుళం మడిచి కుడుతూ, నాడా ఎక్కించడానికి చిన్న సందు వదలండి.

- ఈ కుట్టుపని వంటింట్లో వద్దు. సూదులు, గుండుసూదులు లెక్కపెట్టి డబ్బాలో వేశాకే కాయలు ముట్టుకోండి. పిల్లలు తినే పచ్చడి కదా!

- వేలికి సూది గుచ్చుకుందా? కారం మీరు కలపకండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

- కాయలు తడి పూర్తిగా ఆరాకే కొట్టించండి. టెంకలోని జీడి, లోపలి పొర తీసి ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడవాలి.

- ఉప్పు ఎండలో పెట్టారా?

- నువ్వుల నూనె అరకిలో అదనంగా ఉంచుకోండి. మూడో రోజు తిరగ కలిపాక ముక్కలపైన నూనె తేలకపోతే పోయాలి.