పుండు మానినా గుర్రం కుంటుతోందా? ముందు డెక్క ఎత్తి చూడండి

పెళ్లి బరాత్‌లకు తిప్పి, పనికిరాదని రోడ్డు మీద వదిలేసిన గుర్రాన్ని చేరదీసినవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "మోకాలి పుండు మానిపోయింది, ఇంకా ఎందుకు కుంటుతోంది?" డెక్క ఎత్తి శుభ్రం చేసి చూశారా అంటే చాలామంది దగ్గర జవాబుండదు.

లక్షణం: నిన్న కొద్దిగా కుంటింది, ఇవాళ కాలే మోపడం లేదు.

కారణం: ఎముక విరిగిందేమోనని టెన్షన్ పడతారు గానీ, చాలాసార్లు అది డెక్కలో చీము. దొంగ జబ్బు ఇది. డెక్క గట్టిది కాబట్టి చీముకు బయటికి దారి ఉండదు. వాపేమో పైన కాలికి వస్తుంది. దాంతో అందరూ కాలికే మందు రాస్తారు. పాత పుండు ఆ కాలికే ఉంటే నింద దాని మీదకే పోతుంది. నొప్పి మాత్ర వేస్తే నడక బాగుపడినట్టే కనిపిస్తుంది, దత్తతకు ఇచ్చేస్తారు. మాత్ర ఆగాక కొత్త యజమాని ఫోన్ చేస్తాడు.

గుర్తుపట్టేది ఇలా: రెండు డెక్కల్నీ తాకి చూడండి, చీమున్నది వేడిగా ఉంటుంది. డెక్కకు పైనున్న కీలు వెనక, రెండు పక్కలా వేళ్లు పెడితే నాడి గట్టిగా కొట్టుకుంటుంది. నాడా (డెక్కకు కొట్టే ఇనుప లాడం) ఉంటే తీయించండి. లోపలి మెత్తటి భాగానికి దగ్గరగా దిగిన నాడా మేకు ఒక్కటి చాలు, ఇంత పనీ చేస్తుంది.

పరిష్కారం: డాక్టరో, ఆయన దగ్గరుండగా నాడాలు కొట్టే నాల్‌బందో చిన్న రంధ్రం చేసి చీము వదలాలి. తర్వాత ఎప్సమ్ సాల్ట్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో డెక్క నానబెట్టి, కట్టు కట్టి, పొడినేల మీద ఉంచాలి. ధనుర్వాతం టీకా తప్పనిసరి, గుర్రాలకు ఆ ముప్పు చాలా ఎక్కువ. చీము పోకుండా ఒక్క యాంటీబయాటిక్‌నే నమ్ముకోకండి. చీము పోయాక ఒకట్రెండు రోజుల్లో తేడా తెలియాలి, లేకపోతే ఎక్స్‌రే.

డెక్క అడుగున మేకు దిగబడి కనిపిస్తే మాత్రం మీరు లాగకండి. ఎంత లోతుకు, ఎటు దిగిందో ఎక్స్‌రేలో చూశాకే తీయాలి.

కండరం బెణకడం, భుజం పట్టేయడం కూడా ఉంటాయి, కానీ అరుదు. డెక్క చూశాకే వాటి జోలికి వెళ్లండి.

దత్తతకు ఇచ్చేముందు నొప్పి మందు ఆపి వారమైనా చూడండి. గట్టినేల మీద తిన్నగా, రెండు వైపులా గుండ్రంగా పరిగెత్తించి చూడండి. గ్లాండర్స్ (గుర్రాల నుంచి మనుషులకూ సోకే ప్రమాదకరమైన అంటువ్యాధి) రక్తపరీక్ష రిపోర్టు రాకుండా గుర్రాన్ని వేరే గుర్రాలున్న చోటికి పంపొద్దు.