నాటకానికి ఆలస్యమైతే

విశాఖ సిరిపురం జంక్షన్ ట్రాఫిక్‌లో చిక్కుకుని నాటకానికి ఆలస్యమైందా? కంగారు పడకండి. కళాభారతి లాంటి హాళ్లలో టార్చి పట్టుకుని సీట్లు చూపించే మనిషిగా చెబుతున్నా, తలుపు తోసుకుని గబుక్కున లోపలికి రావద్దు. పద్యం నడుస్తుంటే అసలే వద్దు. రాగం తీస్తున్న నటుడికి వరండా లైటు నేరుగా కళ్లలో కొడుతుంది. పద్యం అయ్యాక చప్పట్లు పడతాయి (ఒక్కోసారి వన్స్‌మోర్ కూడా!), అప్పుడు రండి. గోడ పక్కన రెండు నిమిషాలు ఆగితే కళ్లు చీకటికి అలవాటుపడి మెట్ల అంచులు కనిపిస్తాయి. ఫోన్ లైటు తప్పదంటే దాని మీద వేలు పెట్టి పాదాల వైపే తిప్పండి. వేలి గుండా వచ్చే ఆ ఎర్రటి వెలుగు చాలు. ముందు వరుసలో మీ సీటు ఎక్కడికీ పోదు, విరామం దాకా వెనకే కూర్చోండి.