బడి విడిచాక తరగతి గదిని వాడవారికి ఇచ్చే పద్ధతి

విశాఖపట్నంలో కంచరపాలెం సందుల్లోనో జాలరిపేటలోనో ఉండేవారికి చోటు ఎంత కరవో వేరుగా చెప్పనక్కరలేదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మెట్ల మీద కూర్చుంటారు, పొదుపు సంఘం సమావేశం ఎవరింటి అరుగు మీదో జరుగుతుంది, అదే వీధిలోని నగరపాలక సంస్థ బడికి మాత్రం సాయంత్రం తాళం పడుతుంది. బోధన లేని వేళల్లో బడి వసతులను సమాజానికి ఉపయోగించవచ్చని 2020 జాతీయ విద్యా విధానమే సూచించింది.

ఆ బడిలో గది కావాలంటే మొదట మీ వాడ సంఘం పేరిట ప్రధానోపాధ్యాయులకు అర్జీ ఇవ్వండి. ‘సాయంత్రాలు కావాలి’ అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఏ గది, ఏ రోజులు, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎంతమంది, బాధ్యులెవరు అన్నవి స్పష్టంగా ఉండాలి. దాన్ని పాఠశాల యాజమాన్య కమిటీలో పెట్టి తీర్మానం చేయించండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉంటారు కనుక, వారి పిల్లలకు ఇబ్బంది రాదని ముందే ఇంటింటికీ వెళ్లి చెప్పడం మంచిది. ఆ తీర్మానంతో నగరపాలక సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

ఇక తాళం సంగతి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదని అదే చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి తలుపు తీయడానికి వారిని ఆగమనడం న్యాయం కాదు. సంఘం నుంచి ఇద్దరిని నియమించి, తాళం తీసిన వేళ, వేసిన వేళ రిజిస్టరులో సంతకంతో రాయించండి. సముద్రపు ఉప్పుగాలికి తాళాలు త్వరగా తుప్పు పడతాయి, నెలకోసారి నూనె వేయించండి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది తెల్లారాక గది ఎలా ఉందన్నదే. మా వీధి బడిలో ఒకసారి నల్లబల్ల మీద టీచరుగారు గీత గీసి ‘చెరపవద్దు’ అని రాసిన లెక్కను ఎవరో తుడిచేశారు. మర్నాడు పిల్లలు ఖాళీ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. అందుకే నల్లబల్లనూ గోడ చార్టులనూ ముట్టుకోకూడదని, బెంచీలను యథాస్థానంలో పెట్టి ఊడ్చాకే తాళం వేయాలని ఒప్పందంలోనే రాయండి. మరుగుదొడ్ల శుభ్రత, కరెంటు ఖర్చు సంఘానివే. వంటగది, ఆఫీసు గది, కంప్యూటర్ల గది అడగకండి.

మూడు నెలలు ఒక్క గదితోనే నడపండి, పరీక్షల రోజుల్లో ఆపండి. గడువు ముగిశాక రిజిస్టరు పట్టుకుని ఆ గదిలో పాఠం చెప్పే టీచరుగారినే ముందు అడగండి. ఆమె ఇబ్బంది చెబితే, రెండో గది సంగతి ఎత్తకుండా దాన్ని సరిచేయండి.