కొత్త జట్టు రోబోకు ఒక్క పని వస్తే చాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో బడిపిల్లలకు రోబోలు కట్టడం నేర్పిస్తున్నాను. మా మొదటి పోటీలో మాకు జోడీగా వచ్చిన జట్టు అమ్మాయి "మీ రోబో ఏమేమి చేస్తుంది?" అని అడిగితే, మావాడు "అన్నీ" అన్నాడు. ముందు రోజు రాత్రి హడావిడిగా బిగించిన చేయి ఆట మొదలైన కాసేపటికే మైదానం అంచుకు చిక్కుకుపోయింది. ఆ తర్వాత ఆ అమ్మాయి జట్టు ఒంటరిగా ఆడింది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే, నియమాల పుస్తకం చేతికి రాగానే ముందు ఒక లెక్క వేయండి: ఒంటరిగా ఆడితే ఎన్ని పాయింట్లు, తోటి జట్లతో కలిస్తే ఎన్ని? బడిపిల్లల అంతర్జాతీయ రోబో పోటీ అయిన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో 2014 నాటి ఆట 'ఏరియల్ అసిస్ట్' చూడండి. ఒక్కో పక్షాన మూడు జట్లు. బంతిని పై గోలులో వేస్తే 10 పాయింట్లు. అదే బంతి మైదానంలోని మూడు భాగాల్లో మూడు రోబోల చేతులు మారి వస్తే అదనంగా 30. విసరడం రాని రోబో కూడా బంతిని అందుకుని వదలగలిగితే ఆ 10ని 40 చేయడంలో భాగస్వామి అవుతుంది. కొత్తవారికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? అయితే డ్రైవర్లు నడిపే సమయంలో పక్షానికి ఉండేది ఒకే బంతి. కొత్త రోబో దానిని పట్టుకుని మొరాయిస్తే, ఆ బంతి సంగతి తేలేదాకా మూడు జట్లూ ఎదురుచూడవలసిందే.

మా వరండాలో సుద్దముక్కతో మూడు గళ్లు గీసి, వ్యాయామం బంతితో ఇదే ఆడిస్తాను. తీసుకోవాలి, వదలాలి. వరసగా ఇరవైసార్లు. ఒక్కసారి తప్పినా మళ్లీ ఒకటి నుంచి లెక్క. ప్రతి ఆటకూ ముందు బ్యాటరీ తీగను చేత్తో లాగి చూడాలి. విసిరే చేయి మాట ఆ తర్వాతే.

పిలుపు మాటలు కూడా ముందే ఖాయం చేసుకోండి. మా దగ్గర ఒకరు "వదులు" అంటే ఇంకొకరు ఒడియాలో "ఛాడ" అనేవారు, డ్రైవరు తడబడేవాడు. ఇప్పుడు అందరిదీ "వదులు" ఒక్కటే.

చివరగా, జోడీ జట్టుకు ఇవ్వడానికి ఒక చీటీ రాయించండి: "నేలమీది బంతి తీసుకుంటాం. ఎడమవైపు నుంచి మొదలుపెడతాం. విసరలేం." ఆ మూడో మాట రాయడానికి పిల్లలు సిగ్గుపడతారు. దానినే అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాయించండి.